లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ పోతుంటే: లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేయడం ఎలా

ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా... ఏది వేసుకున్నా కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో వైఫై కాసేపు బాగుండి ఉన్నట్టుండి పడిపోతుంది. పైన గుర్తు కనెక్ట్ అయినట్టే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఇంకొన్నిట్లో మూత వేసి తీస్తే నెట్‌వర్క్ పేర్లే కనబడవు. అప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొట్టేస్తారు. అందులో ఏదో ఒకటి పనిచేసినట్టుంటుంది. మిగతావి కొత్త తలనొప్పులు తెస్తాయి. ఆర్నెల్లు పోయాక ఏది ఎందుకు పెట్టారో గుర్తుండదు. అలా చేయకండి. వైఫై తెగిన క్షణంలో సిస్టమ్ ఏం రాసుకుందో చూడండి, దాన్నిబట్టి ఒక్క మార్పే చేయండి, ఒక రోజు వాడి చూడండి. తగ్గకపోతే ఆ మార్పు తీసేసి ఇంకోటి ప్రయత్నించండి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఖాళీలు, చుక్కలు, అడ్డగీతలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

పోతున్నది వైఫైయా, నెట్టా?

ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా ఒక దారి, రూటర్ నుంచి బయటికి ఇంకో దారి. రెండోది తెగితే ల్యాప్‌టాప్‌లో ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. ముందు ఇది కొట్టండి:

ఐపీ రూట్

"డిఫాల్ట్ వయా" తర్వాత వచ్చే అంకెలే మీ రూటర్ అడ్రస్. జియో ఫైబర్ రూటర్లలో మామూలుగా 192.168.29.1 ఉంటుంది. మిగతా చాలావాటిలో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ. ఇప్పుడు రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో రూటర్ అడ్రస్‌కు, ఇంకోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 కు పింగ్ పెట్టి వదిలేయండి (పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి అడ్రస్ రాయాలి; అవతలినుంచి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వస్తోందో చూపిస్తుంది). మీ పని మీరు చేసుకుంటూ, నెట్ ఆగగానే రెండిటినీ చూడండి.

రూటర్‌కు జవాబు వస్తూనే ఉండి 8.8.8.8 ఒక్కటే ఆగితే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతోందేమో చూసి కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. రెండూ నడుస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ (సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే సేవ) సంగతి. వైఫై సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌కు ఆటోమేటిక్ డీఎన్ఎస్ ఆపి 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. రూటర్‌కే పింగ్ ఆగితేనో, 3 మిల్లీసెకన్లు రావాల్సింది 200, 900 అని ఊగితేనో, అది వైఫై జబ్బు. మిగతా వ్యాసమంతా దాని గురించే.

ఏ చిప్పో తెలుసుకోండి

ల్యాప్‌టాప్ కంపెనీ పేరు ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కు ఇంటెల్ కార్డు, ఇంకో బ్యాచ్‌కు రియల్‌టెక్ లేదా మీడియాటెక్ కార్డు వస్తుంటాయి.

ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె

వచ్చిన పెద్ద జాబితాలో "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న చోట ఆగండి. దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" పక్కన ఉన్న పేరు కాగితం మీద రాసుకోండి. ఐడబ్ల్యూఎల్‌వైఫై అంటే ఇంటెల్. ఆర్‌టీఎల్, ఆర్‌టీడబ్ల్యూ అని మొదలైతే రియల్‌టెక్. ఎంటీ7921ఈ లాంటిదైతే మీడియాటెక్. ఏటీహెచ్ అని మొదలైతే క్వాల్‌కామ్ అథెరాస్. కార్డు పేరు కనబడి డ్రైవర్ లైనే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదన్నమాట. యూఎస్‌బీ డాంగుల్ వాడేవాళ్లు ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టాలి.

వైఫై ఇంటర్‌ఫేస్ పేరు కూడా కావాలి. "ఐడబ్ల్యూ డెవ్" కొడితే డబ్ల్యూఎల్‌పీ2ఎస్0, డబ్ల్యూఎల్ఓ1, డబ్ల్యూఎల్ఏఎన్0 లాంటి పేరు వస్తుంది. కింద డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 అన్న ప్రతిచోటా మీ పేరు పెట్టుకోండి.

తెగిన క్షణాన్ని పట్టుకోండి

అన్నిటికన్నా విలువైన పని ఇదే. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఒక టెర్మినల్‌లో

సుడో జర్నల్‌సీటీఎల్ -ఎఫ్

కొట్టి వదిలేయండి. సిస్టమ్‌లో జరిగే ప్రతిదీ అక్కడ లైన్లుగా పడుతుంటుంది. వైఫై పోగానే కంట్రోల్ సీ నొక్కి ఆపి, చివరి 30, 40 లైన్లు ఒక ఫైల్‌లో దాచుకోండి. అందులో చూడాల్సినవి ఇవి.

"డీఆథెంటికేటింగ్ ఫ్రమ్... బై లోకల్ చాయిస్" అని ఉంటే, మీ ల్యాప్‌టాపే రూటర్‌ను వదిలి వచ్చేసింది. "డీఆథెంటికేటెడ్ ఫ్రమ్..." అని ఉంటే, రూటరే మిమ్మల్ని బయటికి పంపింది. మాట చివర "టింగ్" ఉందా "టెడ్" ఉందా అన్న చిన్న తేడాలోనే తప్పు ఏ వైపుదో తెలిసిపోతుంది. కాబట్టి తొందరపడకుండా చదవండి. పక్కనే రీజన్ అని ఒక అంకె ఉంటుంది. 4 అంటే మీ వైపు నుంచి కదలిక లేదని రూటర్ వదిలేసింది, అంటే పవర్ సేవింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. 15 అంటే పాస్‌వర్డ్ మార్పిడి మధ్యలో సమయం అయిపోయింది. పాస్‌వర్డ్ సరైనదే అయినా సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇది వస్తుంది. 16 అంటే గ్రూప్ కీ (ఆ వైఫైలోని పరికరాలన్నీ పంచుకునే తాళం) మార్చేటప్పుడు జవాబు అందలేదు. కచ్చితంగా గంటకోసారి వైఫై పోతుంటే ఎక్కువసార్లు కారణం ఇదే. రూటర్ పేజీలో గ్రూప్ కీ రెన్యూవల్ 3600 సెకన్లని ఉంటే పెంచి చూడండి.

"బీకన్ లాస్" అంటే రూటర్ మాట వినపడలేదు, అంటే గాలిలోనో యాంటెనాలోనో సమస్య. ఇంటెల్ కార్డుల్లో "మైక్రోకోడ్ ఎస్‌డబ్ల్యూ ఎర్రర్ డిటెక్టెడ్" అంటే కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ కూలిపోయింది. రియల్‌టెక్‌లో "ఫెయిల్డ్ టు లీవ్ ఎల్‌పీఎస్ స్టేట్" అంటే కార్డు నిద్రపోయి లేవలేదు. మీడియాటెక్‌లో "మెసేజ్... టైమవుట్", ఆ వెంటనే "చిప్ రీసెట్" కూడా దాదాపు అదే కథ. "పీసీఐఈ బస్ ఎర్రర్" అని ఎడాపెడా పడుతుంటే కార్డుకూ బోర్డుకూ మధ్య కరెంటు పొదుపు (ఏఎస్‌పీఎం) కుదరడం లేదని అనుకోవచ్చు.

"ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2" చూసి కంగారుపడకండి. ఇంటెల్ డ్రైవర్ కొత్త వెర్షన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫైలూ వెతుక్కుంటూ కిందికి వస్తుంది. చివరికి "లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్" అన్న లైను పడితే అంతా సవ్యంగానే ఉంది. ఆ లైను రాకపోతేనే ఫైలు లేనట్టు.

పవర్ సేవింగ్

రూటర్‌కు రెండడుగుల దూరంలో కూర్చున్నా పింగ్ ఊగుతుంటే మొదటి అనుమానం దీని మీదే. బ్యాటరీ మిగల్చడానికి కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. కొన్ని చిప్పులు వేళకు లేవవు. ముందు తాత్కాలికంగా ఆపి చూడండి:

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

పింగ్ నిలకడగా 2, 5 మిల్లీసెకన్లకు వచ్చేస్తే మందు దొరికినట్టే. కానీ రీబూట్ చేస్తే ఈ సెట్టింగ్ పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే:

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మోడిఫై ఇల్లు వైఫై.పవర్‌సేవ్ 2

"ఇల్లు" ఉన్నచోట మీ వైఫై కనెక్షన్ పేరు రావాలి. పేరులో ఖాళీలుంటే కోట్స్‌లో పెట్టండి. 2 అంటే ఆపు, 3 అంటే నడుపు. ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి కలిపితే అమల్లోకి వస్తుంది. ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, తీయగానే మొదలవుతోందా? అయితే టీఎల్‌పీ అనే బ్యాటరీ పొదుపు ప్రోగ్రాం ఉందేమో చూడండి. దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో డబ్ల్యూఐఎఫ్ఐ_పీడబ్ల్యూఆర్_ఆన్_బ్యాట్ అన్న లైనుకు ఆఫ్ ఇవ్వాలి. ఆ లైను పేరు పెద్ద అక్షరాల్లో, ఆఫ్ చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డ్రైవర్‌కు చెప్పాల్సిన మాటలు

పైది సరిపోకపోతే డ్రైవర్‌కే ఆప్షన్ ఇవ్వాలి. ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్.డి అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వైఫై.కాన్ఫ్ అని కొత్త ఫైలు పెట్టి, మీ చిప్పుకు సరిపడే లైను ఒక్కటే రాసి, రీబూట్ చేయండి.

ఆర్‌టీడబ్ల్యూ88 రకం రియల్‌టెక్‌కు:

ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1

ఎల్‌పీఎస్ లైను లాగ్‌లో పడుతుంటే దానికి బదులు ఇది:

ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్=1

ఆర్‌టీడబ్ల్యూ89 రకానికి ఆర్‌టీడబ్ల్యూ89_పీసీఐ పక్కన డిజేబుల్_ఏఎస్‌పీఎం_ఎల్1=1 రాయాలి. మీడియాటెక్ ఎంటీ7921ఈ కి డిజేబుల్_ఏఎస్‌పీఎం=1 చాలు. ఇంటెల్‌కు ఐడబ్ల్యూఎల్ఎంవీఎం పక్కన పవర్_స్కీమ్=1 పెడితే కార్డు నిద్రపోకుండా ఉంటుంది. ఆప్షన్ పేరు ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు కాబట్టి "మోడ్‌ఇన్ఫో -పీ" పక్కన డ్రైవర్ పేరు కొట్టి, ఆ ఆప్షన్ నిజంగా ఉందో లేదో ముందే చూసుకోండి.

పాత రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. దీన్ని ఒకే యాంటెనాతో బిగించిన ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. యాంటెనా ఒక కొక్కేనికి తగిలించి ఉంటే డ్రైవర్ ఇంకో కొక్కెం నుంచి వింటుంటుంది. రూటర్ పక్కన కూర్చుంటేనే పనిచేసి, గది మారితే పోయేది అందుకే. ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2 పెట్టి రీబూట్ చేయండి. సిగ్నల్ పెరగకపోతే 2 తీసి 1 పెట్టండి. ఎన్నాళ్లుగానో "వైఫై వీక్" అనుకున్న యంత్రాలు ఈ ఒక్క అంకెతో బాగుపడతాయి.

ఇంటెల్ కార్డులకు 11ఎన్_డిజేబుల్=1 పెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. వైఫైని 54 ఎంబీపీఎస్ పాత కాలానికి దించేస్తుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టి దాన్ని భరించడం అనవసరం.

అపార్ట్‌మెంట్ గాలి

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో "ఎన్ఎంసీఎల్ఐ డెవ్ వైఫై లిస్ట్" కొట్టి చూడండి. పక్క ఫ్లాట్లు, పై ఫ్లోర్లు, ఎదురు బిల్డింగ్, అన్ని పేర్లూ బారులు తీరతాయి. చాన్ అన్న కాలమ్‌లో చానల్ నంబరు ఉంటుంది. 1 నుంచి 13 దాకా ఉన్నవి 2.4 గిగాహెర్ట్జ్, 36 నుంచి పైవి 5 గిగాహెర్ట్జ్. 2.4 లో ఒకదాని మీద ఒకటి పడకుండా పట్టేవి 1, 6, 11 మూడే. కరెంటు పోయి వచ్చినప్పుడు బిల్డింగ్‌లోని రూటర్లన్నీ ఒకేసారి లేచి చానళ్లు వెతుక్కుంటాయి. నిన్నటిదాకా బాగున్న వైఫై కరెంటు వచ్చాక మొరాయించడానికి ఇదీ ఒక కారణం. రూటర్ పేజీలో ఆటో తీసేసి, మూడిట్లో రద్దీ తక్కువ ఉన్నది పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి.

అంతకన్నా మంచిది ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ మీదే నిలపడం. చాలా రూటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడతాయి. ల్యాప్‌టాప్ ఇటూ అటూ గెంతుతున్నప్పుడల్లా మీ వీడియో కాల్ ఆగుతుంది.

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మోడిఫై ఇల్లు వైఫై.బ్యాండ్ ఏ

"ఏ" అంటే 5 గిగాహెర్ట్జ్, "బీజీ" అంటే 2.4. తిరిగి రెండూ కావాలంటే ఆ చోట ఖాళీ కోట్స్ పెట్టండి. రూటర్‌లో చానల్ 36 నుంచి 48 మధ్యగానీ, 149 నుంచి 161 మధ్యగానీ పెట్టుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానళ్లు. డీఎఫ్ఎస్ (రాడార్‌కు దారి వదిలే నియమం) పాటించే రూటర్ అక్కడ ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు ఊరికే వింటుంది, రాడార్ అనిపిస్తే చానల్ వదిలేస్తుంది. మీకు మాత్రం వైఫై పేరే మాయమైనట్టు కనిపిస్తుంది.

ఫోన్‌లో కనిపించే పేరు ల్యాప్‌టాప్‌లో అసలు కనబడకపోతే దేశం కోడ్ చూడండి. "ఐడబ్ల్యూ రెగ్ గెట్" కొడితే యూఎస్ అనో 00 అనో వస్తే, 12, 13 చానళ్ల మీదున్న రూటర్‌తో చిక్కే. మన దేశంలో ఆ చానళ్లు వాడొచ్చు, అమెరికా లెక్కలో వాడరు. "సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్" కొట్టండి. చివరి ఐఎన్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. చాలా ఇంటెల్ కార్డులు దేశాన్ని సొంతంగా తేల్చుకుంటాయి, ఈ మాట వినవు. అప్పుడు రూటర్ చానలే మార్చాలి.

సిగ్నల్ ఎంతుందో "ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లింక్" చెబుతుంది. మైనస్ 50 దగ్గరుంటే భేష్, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఇబ్బంది లేదు, మైనస్ 75 దాటితే తెగడం మొదలవుతుంది. రూటర్‌కూ మీకూ మధ్య ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం ఉంటే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. రూటర్‌ను టీవీ యూనిట్ అరలోంచి తీసి గోడకు ఎత్తులో పెట్టండి, పైసా ఖర్చు లేకుండా పది డెసిబెల్స్ దాకా తేడా రావచ్చు. బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడే ఇబ్బంది వస్తుంటే అదీ 2.4 మీదే నడుస్తుంది కాబట్టి, వైఫైని 5 కి మార్చితే తీరుతుంది. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్, దాని కేబుల్ కూడా 2.4 దగ్గర గోల చేస్తాయి. కాపీ చేస్తున్నప్పుడే వైఫై పోతుంటే డిస్క్‌ను ల్యాప్‌టాప్ రెండో వైపుకు మార్చి చూడండి.

హాస్టల్, పీజీ వైఫై

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ హాస్టళ్లలో ఫ్లోర్‌కొక రూటర్, అన్నిటికీ ఒకే పేరు ఉండటం మామూలే. ల్యాప్‌టాప్ కింది ఫ్లోర్ రూటర్‌ను పట్టుకుని వేలాడుతుంటే, పైన చెప్పిన లిస్ట్‌లో బీఎస్ఎస్ఐడీ కాలమ్ చూసి, సిగ్నల్ ఎక్కువున్న రూటర్ నంబర్‌ను పై మోడిఫై కమాండ్‌తోనే వైఫై.బీఎస్ఎస్ఐడీ కి ఇవ్వండి. గది మారితే దాన్ని తీసేయడం మర్చిపోవద్దు.

లాగిన్ పేజీ రాకపోతే వీపీఎన్ ఆపి, మీరు పెట్టుకున్న డీఎన్ఎస్ తీసేసి, ఎన్‌క్రిప్షన్ లేని ఏదైనా పాత తరహా పేజీ తెరవండి. నెవర్‌ఎస్ఎస్ఎల్.కామ్ ఇందుకోసమే ఉంది. మీ మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకు ఉండే సొంత నంబరు) రాసుకుని అనుమతి ఇచ్చే చోట, అడ్రస్ మారితే బయటే ఉంచుతారు. ఫెడోరా 40 నుంచి ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మ్యాక్ అడ్రస్ వాడుతోంది. అలాంటి చోట ఆ ఒక్క కనెక్షన్‌కు వైఫై.క్లోన్డ్-మ్యాక్-అడ్రస్ పర్మనెంట్ అని పెట్టండి.

మూత తీశాక వైఫై రాకపోతే

రీబూట్ చేయకుండా డ్రైవర్‌ను తీసి మళ్లీ ఎక్కించండి:

సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఎంటీ7921ఈ
సుడో మోడ్‌ప్రోబ్ ఎంటీ7921ఈ

ఇంటెల్‌లో ముందు ఐడబ్ల్యూఎల్ఎంవీఎం తీసి, ఆ తర్వాత ఐడబ్ల్యూఎల్‌వైఫై తీయాలి. ఎక్కించేటప్పుడు ఐడబ్ల్యూఎల్‌వైఫై ఒక్కటి చాలు. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ నుంచి వచ్చినప్పుడే వైఫై కనబడకపోతే, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది నడుస్తుంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు. "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టినప్పుడు సాఫ్ట్ బ్లాక్డ్ పక్కన యెస్ అని వస్తే "ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" చాలు. హార్డ్ బ్లాక్డ్ అయితే కీబోర్డు మీద విమానం బొమ్మ మీటో, పక్కనున్న స్విచ్చో చూడాలి.

కెర్నెల్, ఫర్మ్‌వేర్

కొత్త ల్యాప్‌టాప్‌లో పాత కెర్నెల్ (లినక్స్ మూలభాగం, చాలా డ్రైవర్లు దీంతోనే వస్తాయి) ఉంటే పై మందులేవీ పూర్తిగా పనిచేయవు. సిస్టమ్‌ను అప్‌డేట్ చేయండి. ఉబుంటు 24.04 లో లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04 ప్యాకేజీ కొత్త కెర్నెల్ తెస్తుంది. డెబియన్‌లో ఇంటెల్‌కు ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్‌కు ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ఉండాలి. కొత్త కెర్నెల్‌తో లాభం ఉంటుందో లేదో ఇన్‌స్టాల్ చేయకముందే తేల్చుకోవచ్చు. తాజా ఫెడోరాను పెన్‌డ్రైవ్‌లో లైవ్‌గా నడిపి గంటసేపు పింగ్ పెట్టండి.

అప్‌డేట్ తర్వాతే వైఫై మాయమైతే, కంప్యూటర్ ఆన్ చేస్తూ గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. అందులో వైఫై వస్తే, మీరు విడిగా కంపైల్ చేసుకున్న డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు తయారు కాలేదనో, సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) దాన్ని ఆపిందనో అనుకోవచ్చు. "మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్" సెక్యూర్ బూట్ ఉందో లేదో చెబుతుంది.

కార్డు మార్చాల్సి వస్తే

రోజుకో మార్పు చేసి చూసినా ఫలితం లేకపోతే కార్డు మార్చడమే మేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ల్యాప్‌టాప్ వైఫై కార్డులు అడగండి. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 చాలా ల్యాప్‌టాప్‌లకు సరిపోతాయి, లినక్స్‌లో బాగా నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం చూడ్డానికి అలాగే ఉన్నా, ఇంటెల్ ప్రాసెసర్ లోపలి భాగం మీద ఆధారపడతాయి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే పనిచేయవు. కొనేముందు స్టిక్కర్ మీద ఆ చివరి అంకె చదవండి. మీ ల్యాప్‌టాప్‌లో కార్డు బోర్డుకు అతికించి ఉందా, విడిగా ఊడుతుందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. పాత లెనోవో, హెచ్‌పీ మోడళ్లు కొన్ని తమ జాబితాలో లేని కార్డును బయోస్ దగ్గరే ఆపేస్తాయి.

బిగించేటప్పుడు బ్యాటరీ వైరు ముందు తీయండి. యాంటెనా వైర్ల చివరన ఉండే గుండ్రటి తొడుగులు చిన్నవి, సున్నితమైనవి. గోటితో నిలువుగా ఎత్తాలి, పెట్టేటప్పుడు సరిగ్గా పైన ఆనించి "టక్" అనేదాకా నొక్కాలి. పక్కకు లాగితే తెగుతాయి. కార్డు మార్చాల్సిన పనే లేకుండా, ఊడిన తొడుగును తిరిగి నొక్కితేనే మైనస్ 80 నుంచి మైనస్ 50 కి వచ్చే ల్యాప్‌టాప్‌లూ ఉంటాయి. కాబట్టి మూత తెరిచాక ముందు అది చూడండి.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "వైఫై పనిచేయట్లేదు" అని ఊరుకోకండి. స్వేచ్ఛ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘంలో అడిగినా, డ్రైవర్ రాసినవాళ్లకే బగ్ పంపినా ముందు కావాల్సినవి నాలుగు: ఎల్ఎస్‌పీసీఐలో మీ కార్డు భాగం, "యూనేమ్ -ఆర్" చెప్పిన కెర్నెల్ వెర్షన్, వైఫై తెగిన క్షణం చుట్టూ ఉన్న 40 లైన్ల లాగ్, అప్పటిదాకా మీరు మార్చినవి ఏమిటో. లాగ్‌లో వైఫై పేరు, మ్యాక్ అడ్రస్ ఉంటే చెరిపేసి పంపండి.